కొత్వాలు గారి బోర్డింగు, దాని చుట్టూ బజారు

ముద్గల్ మన లింగసుగూరుకు పది మైళ్లు. కోటకూ మొహర్రానికీ పేరుపడ్డ ఊరు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఆ ఊరి ఠాణాకు అమీనుగా ఒక పాలమూరు కుర్రవాడు వచ్చాడు. వనపర్తి సంస్థానం వైపు పల్లెలో పుట్టినవాడు, పేరు వెంకటరామారెడ్డి. అప్పటికి లింగసుగూరు తాలూకా కేంద్రం కాదు, జిల్లా కేంద్రం. హైదరాబాదు కంటింజెంటు దండు విడిసిన ఊరు. 1905లో జిల్లాల సర్దుబాటులో ఆ హోదా పోయింది, మనం రాయచూరు కింద చేరాం. ఆ అమీను మాత్రం మెట్టు మెట్టు ఎక్కుతూ వెళ్లి 1920లో హైదరాబాదు నగరానికి కొత్వాలు, అంటే పోలీసు పెద్ద, అయ్యాడు. ఆ కుర్చీలో కూర్చున్న తొలి హిందువు. నిజాం ఇచ్చిన బిరుదుతో కలిపి రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి అంటే ఇప్పటికీ తెలంగాణలో పెద్దవాళ్లకు పరిచయం అక్కర్లేదు. మన దగ్గర అడిగి చూడండి, పదిమందిలో ఒకరికి తెలిస్తే గొప్ప.

ఆయన కొత్వాలు కావడానికి రెండేళ్ల ముందు, 1918లో, హైదరాబాదులో ఆయన చొరవతో ఒక బోర్డింగు వెలిసింది. పేరు రెడ్డి హాస్టలు. పల్లెల నుంచి చదువుకోవడానికి పట్నం వచ్చిన పిల్లలకు తిండి, పడక, దీపం చూపించడం దాని పని. సంస్థానాధీశుల దగ్గర, దేశముఖుల దగ్గర, పెద్ద పట్టాదారుల దగ్గర చందాలు పోగుచేసి నడిపారు. దాని చరిత్ర చెప్పేవాళ్లంతా అక్కడ ఉండి పైకొచ్చినవారి పట్టికతో మొదలుపెట్టి పట్టికతోనే ముగిస్తారు. నాకు ఆ పట్టిక కంటే హాస్టలు గేటు అవతలి వీధి మీద ఆసక్తి. ఎందుకంటే రెడ్డి హాస్టలుకు సొంత బడి లేదు. పిల్లవాడు పొద్దున గేటు దాటితేగాని చదువు మొదలు కాదు. బోర్డింగు అన్నం పెట్టింది. అక్షరం, ఆలోచన, ఆవేశం మూడూ చుట్టుపక్కల పేటల నుంచే వచ్చాయి.

ఆ పేటల సంగతి కాస్త నిదానంగా చెప్పాలి.

హాస్టలు భవనం బొగ్గులకుంటలో ఉంది, అబిడ్స్‌కు ఆనుకుని. అక్కడి నుంచి ఒకవైపు నడిస్తే సుల్తాన్ బజారు, కోఠి. ఇంకోవైపు గన్‌ఫౌండ్రీ, నిజాం కాలేజీ. తూర్పుకు పోతే కాచిగూడ. అన్నీ కాలినడక దూరాలే. ఈ నేల మీద అప్పుడు రెండు ప్రభుత్వాలు ఉండేవి. రెసిడెన్సీ బజార్లనే ప్రాంతం, ఇప్పటి సుల్తాన్ బజారు చుట్టుపక్కల, బ్రిటిష్ రెసిడెంటు అధికారం కింద నడిచింది. 1933లో గానీ నిజాంకు తిరిగి దక్కలేదు. వీధి దాటితే చట్టం మారేది. నిజాం ఇలాకాలో సభకు అనుమతి కావాలి, ప్రైవేటు బడికి అనుమతి కావాలి. గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు పేరు చెబితే ఆనాటి కార్యకర్తలు పళ్లు కొరికేవారు. రెసిడెన్సీ ఇలాకాలో ఆ బిగింపు కొంత సడలేది. అందుకే పుస్తకాల దుకాణాలు, వకీళ్ల ఇళ్లు, చర్చలు అన్నీ ఆ నాలుగు వీధుల్లో కూడబలుక్కున్నట్టు చేరాయి.

1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మొదలైంది కూడా అక్కడే, రావిచెట్టు రంగారావు ఇంట్లో. హైదరాబాదు రాజ్యంలో తెలుగువాళ్లు పెట్టుకున్న తొలి పెద్ద గ్రంథాలయం అది. రాజ్యం జనాభాలో సగానికి దగ్గరగా తెలుగు మాట్లాడేవాళ్లు. పరిపాలన ఉర్దూ, కోర్టు ఉర్దూ. హాస్టలు పుట్టిన 1918లోనే ఉస్మానియా విశ్వవిద్యాలయమూ పుట్టింది. 1919లో గన్‌ఫౌండ్రీ ప్రాంతపు అద్దె భవనాల్లో తరగతులు మొదలయ్యాయి, బోధన ఉర్దూలోనే. ఒక భారతీయ భాషలో ఉన్నత విద్య నేర్పడం ఆ రోజులకు పెద్ద సాహసమే, ఆ మెచ్చుకోలు దానికి దక్కాల్సిందే. కానీ నల్లగొండ పల్లె నుంచి వచ్చినవాడికి అదీ పరాయి భాషే. వాడు పగలంతా ఉర్దూలో లెక్కలు, చరిత్ర చదివి, సాయంత్రం హాస్టలుకు తిరిగొచ్చి తెలుగులో అన్నం అడిగేవాడు. తెలుగుకు ఆ నగరంలో గౌరవమైన చోటు అంటే భోజనాల పంక్తి, లేదంటే పఠనాలయం బల్ల.

ఎంత గౌరవం ఉండేదో తెలియాలంటే 1921 నవంబరు నాటి వివేకవర్ధని సభ చాలు. వివేకవర్ధని మరాఠీవాళ్ల విద్యాసంస్థ, కోఠి దగ్గరే. సంఘసంస్కరణ సభ జరుగుతోంది, మహర్షి కార్వే అధ్యక్షులు. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసాలు సజావుగా సాగాయి. ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగులో మాట్లాడబోయేసరికి సభలో చప్పట్లు, కేకలు, ఎగతాళి. ఆయన కూర్చోవాల్సి వచ్చింది. అవమానం దిగమింగని కొందరు టేకుమాల రంగారావు ఇంట్లో చేరి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. ఆంధ్ర మహాసభకు అదే వేరు. ఈ మొత్తం కథ జరిగిన చోటు హాస్టలు నుంచి నడిచిపోయేంత దూరం. ఇలాంటి కబురు సాయంత్రం భోజనానికి కూర్చున్న పిల్లల్లో ఎలా పాకుతుందో హాస్టళ్లలో ఉన్నవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

కన్నడిగుల మాటా కలపాలి, ఇది మన గడ్డ మీద అచ్చవుతున్న వ్యాసం కాబట్టి. కాచిగూడలో కన్నడం వాళ్లు నృపతుంగ పాఠశాల పెట్టుకున్నారు. అంటే మరాఠీ వివేకవర్ధని, తెలుగు భాషానిలయం, కన్నడ నృపతుంగ, మూడూ ఒకే సాయంకాలపు నడకలో తగిలేవి. రాయచూరు జిల్లా పిల్లవాడికి ఇది పెద్ద వింత కాదు. మన సంతల్లో మూడు భాషలూ ఒకే గంపలో బేరం అవుతాయి. వాడికి కొత్తగా అనిపించింది ఏ భాషకు ఆ భాష తలుపు వేసుకుని గుంపు కట్టడమే అయ్యుంటుంది.

ఇప్పుడు రైలు. చరిత్ర రాసేవాళ్లు దాన్ని తరచు మరిచిపోతారు. సికింద్రాబాదు నుంచి గద్వాల వైపు లైను 1916లో వచ్చింది, కాచిగూడ స్టేషనూ ఆ ఏడాదిదే. రెండేళ్లకు హాస్టలు. పాలమూరు, గద్వాల వైపు పిల్లవాడు ట్రంకు పెట్టె, చుట్టిన బొంత, ఇంట్లో కట్టిచ్చిన సద్ది మూటతో కాచిగూడలో దిగి, పెట్టె కూలీ నెత్తికెత్తి, హాస్టలుకు నడిచి చేరగలిగాడు. మనవైపు నుంచి పోవాలంటే అంత సుళువు కాదు. లింగసుగూరు నుంచి రాయచూరు దాకా బండి ప్రయాణం, అక్కడ రైలెక్కి వాడి, వాడిలో మారి హైదరాబాదు. రాయచూరుకు 1871లోనే రైలొచ్చింది గానీ మన తాలూకాకు రైలు కూత వినే రాత దశాబ్దాల తరబడి పట్టలేదు. పట్నంలో బోర్డింగు పెట్టడం ఒక ఎత్తు, దాని గుమ్మం దాకా పిల్లవాణ్ని చేర్చే దారి ఇంకో ఎత్తు. హైదరాబాదు హాస్టళ్లలో పాలమూరు, నల్లగొండ, వరంగల్లు వాళ్లు నిండినంతగా మన రాయచూరు దోఆబు వాళ్లు నిండకపోవడానికి భాష ఒక్కటే కారణం అంటే నేను నమ్మను.

అయితే దోఆబుకు చెందిన మనిషి ఒకడు ఆ హాస్టల్లో ఉన్నాడు, పిల్లవాడిగా కాదు, పెద్దగా. సురవరం ప్రతాపరెడ్డి. ఆయన్ని అందరూ తెలంగాణ వైతాళికుడంటారు, నిజమే. కానీ ఆయన ఊరు ఇటిక్యాలపాడు అలంపురం తాలూకాది. అలంపురం, గద్వాల తాలూకాలు 1956 దాకా రాయచూరు జిల్లావే. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో ఆ రెండింటినీ మినహాయించి మిగతా జిల్లాను మైసూరు రాష్ట్రానికి ఇచ్చారు. ఆయన 1953లోనే పోయారు. అంటే బతికినన్నాళ్లూ మన జిల్లా మనిషే. ఈ మాట మనవాళ్లు కాస్త గట్టిగా చెప్పుకోవచ్చు.

మద్రాసులో బి.ఏ., ఆ తర్వాత బి.ఎల్. చదివి వచ్చిన ఆయనకు 1920ల మధ్యలో వెంకటరామారెడ్డి హాస్టలు బాధ్యత అప్పగించారు. వకీలుగా నాలుగు రాళ్లు వెనకేసుకోవాల్సిన వయసులో ఆయన పిల్లల తిండి లెక్కలు, పుస్తకాల జాబితాలు చూస్తూ కూర్చున్నారు. ఆయన చేతిలో హాస్టలు గ్రంథాలయం వేల పుస్తకాలకు పెరిగింది. ఏ వార్డెనైనా బియ్యం, పప్పు, కిరసనాయిలు లెక్క చూస్తాడు. పుస్తకం లెక్కనూ ఆ పక్కనే పెట్టుకున్నవాడు అరుదు.

1926 మే 10న గోలకొండ పత్రిక మొదలైంది. వారానికి రెండుసార్లు వచ్చేది. సంపాదకుడు ప్రతాపరెడ్డి, దన్ను కొత్వాలు. సంపాదకీయం రాసిన చేత్తోనే ప్రూఫులు దిద్దుకుని, గుమాస్తా పని కూడా చేసుకున్నారని ఆ తరంవాళ్లు చెప్పుకునేవారు. పత్రిక నెలకొన్నాక వీధికీ హాస్టలుకూ సంబంధం మారిపోయింది. అంతవరకు పిల్లలు వీధికి పోయేవాళ్లు. ఇప్పుడు రాజ్యం నలుమూలల కబుర్లు ఉత్తరాల్లో ఈ పేటకు రావడం మొదలైంది. ఎక్కడో పల్లెలో వెట్టి, ఎక్కడో బడి మూత, ఎక్కడో గ్రంథాలయం ప్రారంభం, అన్నీ ఇక్కడ అచ్చయి మళ్లీ పల్లెకే పోయేవి.

ఈ టపా సంబంధానికి పరాకాష్ఠ 1934లో వచ్చిన గోలకొండ కవుల సంచిక. తెలంగాణంలో తెలుగు కవులు పూజ్యం అని ఎవరో ఈసడించారు. ప్రతాపరెడ్డి వాదనకు దిగలేదు. ఊరూరికీ కబురంపారు, కవులను తమ పద్యాలు, వివరాలు పంపమన్నారు. 354 మంది కవులు ఒక్క పుస్తకంలో చేరారు. అందులో పండితులున్నారు, పట్వారీలున్నారు, అప్పటివరకు తన ఊరు దాటి ఎవరికీ తెలియనివాళ్లున్నారు. ఆ పద్యాలన్నీ గొప్పవని నేననను, కొన్ని చదవడం కష్టమే. కానీ అచ్చులో తన పేరు, కింద తన ఊరి పేరు చూసుకున్న పల్లెటూరి కవి ఆ సంచికను ఎక్కడ దాచుకుని ఉంటాడో ఊహించుకోవచ్చు.

కొత్వాలు విషయంలో ఒక చిక్కుంది. రోజూ నిజాంకు నగరం సంగతులు నివేదించాల్సిన మనిషి ఆయన. సభలకు అనుమతి, అనుమానం ఉన్నవాళ్ల మీద నిఘా, ఇవన్నీ ఆ కొలువులో భాగం. ఆయన పెట్టిన బోర్డింగులోనే ఆ రాజ్యాన్ని ప్రశ్నించే కుర్రవాళ్లు అన్నం తిన్నారు. దన్నుగా నిలిచిన పత్రికే రాజ్యం లోపాలు రాసింది. ప్రతాపరెడ్డి 1930లో జోగిపేటలో తొలి ఆంధ్ర మహాసభకు అధ్యక్షుడయ్యారు. అదే ప్రతాపరెడ్డి వెంకటరామారెడ్డి జీవితచరిత్రనూ రాశారు. ఒకరికొకరు ఎంత దూరం పాటించారో, ఎక్కడ కళ్లు మూసుకున్నారో ఆ ఇద్దరికే ఎరుక. నాకు తోచింది ఇది: పోలీసు కొలువులో ముద్గల్ నుంచి మొదలై ఎన్నో ఠాణాలు తిరిగినవాడికి పల్లె పిల్లవాడి అజ్ఞానం ఎంత ఖరీదైనదో తెలుసు. కాగితం చదవలేక వేలిముద్ర వేసి భూమి పోగొట్టుకున్నవాణ్ని చూడని అమీను ఉండడు. ఆ చూపే హాస్టలుకు పునాది. ఆ పునాది మీద ఎవరు ఏ జెండా ఎగరేస్తారో ముందే ఆరా తీసి ఉంటే హాస్టలు పెట్టేవారే కాదేమో.

రావి నారాయణరెడ్డి ఈ హాస్టల్లో ఉండి చదువుకున్నవాడే. చాదర్‌ఘాట్ హైస్కూలు విద్యార్థి. నల్లగొండ జిల్లా భూస్వామి ఇంటి బిడ్డ. తర్వాత హరిజన సేవక సంఘం పనిలో దిగి, ఆంధ్ర మహాసభను జనం దగ్గరికి తీసుకుపోయి, తెలంగాణ సాయుధ పోరాటానికి నాయకుడై, 1952 ఎన్నికల్లో నెహ్రూను మించిన మెజారిటీతో నల్లగొండ నుంచి లోక్‌సభకు వెళ్లాడు. దొరల చందాలతో నడిచిన వంటశాలలో తిన్నవాడు దొరతనాన్నే నిలదీశాడు. చందా ఇచ్చిన దొరలకు ఇది ఎలా మింగుడుపడిందో గానీ, బోర్డింగు నిజంగా పనిచేసిందనడానికి ఇంతకంటే సాక్ష్యం నాకు అక్కర్లేదు.

హాస్టళ్లంటే ఆ రాజ్యంలో ఏలికలకు గుబులు పుట్టిన రోజు కూడా వచ్చింది. 1938లో ఉస్మానియా హాస్టళ్ల విద్యార్థులు వందేమాతరం పాడారు. వందల మందిని వెళ్లగొట్టారు. వాళ్లలో చాలామందికి నాగపూరు విశ్వవిద్యాలయం చోటిచ్చింది. పి.వి. నరసింహారావు అలా నాగపూరు దారి పట్టినవాడే. పదిమంది కుర్రవాళ్లను ఒకే కప్పు కింద పడుకోబెడితే రాత్రి దీపం ఆర్పాక ఏం మాట్లాడుకుంటారో ఏ ఉత్తర్వూ శాసించలేదు.

మెచ్చుకోలు సరే. పేరులోనే కులం పెట్టుకున్న సంస్థను గురించి రాస్తూ ఆ సంగతి దాటవేస్తే పాఠకులు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా.

ఈసామియా బజారు అని కోఠి దగ్గరే ఒక పేట ఉంది. 1910లో భాగ్యరెడ్డి వర్మ మాల మాదిగ పిల్లల కోసం అక్కడ తెలుగు బడి తెరిచారు. లింగంపల్లిలో ఇంకొకటి. పోగా పోగా ఇరవైకి పైగా బడులు అయ్యాయి. ఆయన వెనక సంస్థానాలు లేవు, దేశముఖులు లేరు. హాస్టలు కంటే ఎనిమిదేళ్ల ముందే, అదే చుట్టుపక్కల, తెలుగు అక్షరాన్ని వీధికి తెచ్చిన మనిషి ఆయన. ఈ రెండు ప్రయత్నాలూ ఒకే పేటల్లో, ఒకే కాలంలో, ఒకే భాష కోసం జరిగాయి. ఒక్క పంక్తిలో మాత్రం కూర్చోలేదు. రెడ్డి హాస్టలు చరిత్ర రాసే ప్రతివాడూ ఈ వాక్యం దగ్గర ఒక్క క్షణం ఆగాలని నా పట్టుదల.

కులం పేరుతో బోర్డింగు పెట్టడం హైదరాబాదు ఒక్కదాని తీరు కాదు. కొల్హాపురంలో శాహూ మహారాజు 1901లో మరాఠా బోర్డింగుతో మొదలుపెట్టి జైనులకు, లింగాయతులకు, ముస్లింలకు, ఇంకా ఎన్నో వర్గాలకు వేరువేరు బోర్డింగులు పెట్టించాడు. ఎవరి పిల్లలకు వాళ్లు చందా వేసుకుంటారు, వంట దగ్గర పేచీలుండవు, అన్నది ఆనాటి లెక్క. ఒక కులం పెడితే పక్కకులం పౌరుషానికి పోయి తానూ పెడుతుందన్నది ఇంకో లెక్క. హైదరాబాదులో ఆ రెండో లెక్క పారింది. కాచిగూడలో మున్నూరు కాపుల వసతిగృహం, హిమాయత్‌నగర్‌లో గౌడ హాస్టలు, ఇలా ఆ చుట్టుపక్కల పేటలు వరసగా విద్యార్థి వసతులతో నిండాయి. మొత్తం మీద పల్లె పిల్లలకు మేలే జరిగింది. కానీ ఎవరి కులానికి చందా వేసే స్తోమత లేదో వాళ్ల పిల్లలు చివరిదాకా వీధిలోనే మిగిలారు. వాళ్లకు ప్రభుత్వ హాస్టలు వచ్చేదాకా.

మన కర్ణాటక మఠాల తీరు దీనికి కొంచెం పక్కగా నడిచింది. సిద్ధగంగ గానీ, ధారవాడ మురుఘామఠం గానీ, దాసోహం పేరు మీద పెట్టిన ఉచిత ప్రసాదనిలయాలు ఎన్ని తరాలను చదివించాయో ఈ తాలూకాలో వేరే చెప్పాలా. అక్కడ చందా అడిగేది స్వామి, ఇచ్చేది భక్తుడు. జొన్నలో, రాగులో, కట్టెలో, రైతు బండి మీద తెచ్చి పడేస్తాడు. హైదరాబాదు హాస్టలుకు మఠం లేదు, దేవుడు లేడు. కొత్వాలు పలుకుబడి ఉంది. పలుకుబడి ఉన్న మనిషి పోయాక సంస్థ నిలుస్తుందా అనేది అలాంటి వాటికి అసలు పరీక్ష. వెంకటరామారెడ్డి 1953 జనవరిలో కన్నుమూశారు, అదే ఏడాది ఆగస్టులో ప్రతాపరెడ్డి. హాస్టలు నిలిచింది, నూరేళ్లు దాటింది.

ఆడపిల్లల మాట చెప్పకుండా ఎలా. మగపిల్లల హాస్టలు వెలిసిన పదేళ్లకు, 1928లో, మాడపాటి హనుమంతరావు ఆంధ్ర బాలికల పాఠశాల పెట్టారు, తెలుగులో బోధన. సర్కారు గుర్తింపు దొరక్క ఆ పిల్లలు పూనాలో కార్వే మహిళా విశ్వవిద్యాలయం పరీక్షలకు కూర్చున్నారు. వివేకవర్ధని సభలో తెలుగు ఎగతాళి పాలైన నాడు అధ్యక్ష స్థానంలో ఉన్న కార్వే స్థాపించిన విశ్వవిద్యాలయమే చివరికి తెలుగు ఆడపిల్లకు పట్టా ఇవ్వడం చరిత్రలో ఒక చక్కని సర్దుబాటు. ఆ పాఠశాలకు అండగా నిలిచినవారిలో కొత్వాలు కూడా ఉన్నారు. ఆయన పోయిన మరుసటి ఏడు, 1954లో, నారాయణగూడలో ఆయన పేరుతో మహిళా కళాశాల వచ్చింది. ఇవాళ ఆ దారిన వెళ్లే ఆటోవాళ్లకు హాస్టలు కంటే ‘రెడ్డి కాలేజీ’యే బాగా తెలుసు.

బొగ్గులకుంట ఇప్పుడు తిలక్ రోడ్డు. సారస్వత పరిషత్తు అక్కడే ఉంది, 1943 మే 26న పుట్టిన సంస్థ. తెలుగు పరీక్షలు పెట్టి వేలమందికి ప్రాథమిక, ప్రవేశ, విశారద పట్టాలిచ్చింది. దాని సభామందిరంలో ఇప్పటికీ పుస్తకావిష్కరణలు జరుగుతుంటాయి. మిగతా వీధి అంతా దుకాణాలు, బ్యాంకులు, ఆసుపత్రులు, కోచింగ్ సెంటర్ల బోర్డులు. హాస్టలు పిల్లవాడు ఇప్పుడు గేటు దాటి మెట్రోకో కోచింగుకో పోతాడు. వీధి వాడికి పాఠం చెప్పడం ఎప్పుడో మానేసింది. తప్పు వీధిదో పిల్లవాడిదో నేను తేల్చలేను.

మన తాలూకాలోనూ ప్రభుత్వ హాస్టళ్లున్నాయి, మఠాల ప్రసాదనిలయాలున్నాయి. తుంగభద్ర కాలువ కింద సింధనూరు వైపు క్యాంపులు కట్టుకున్న తెలుగు రైతుల పిల్లలు, నారాయణపురం కాలువ కింది ఊళ్ల కన్నడ పిల్లలు ఒకే బల్ల మీద అన్నం తింటున్నారు. ఈ సంచిక చదివే పెద్దలను ఒక్కటి అడుగుతాను. 1956కు ముందు ఈ దోఆబు నుంచి హైదరాబాదు పోయి ఏ హాస్టల్లోనైనా ఉండి చదివినవారు మీ ఇంట్లో ఉంటే, వాళ్లు ఇంటికి రాసిన ఉత్తరాలు, ఫీజు రసీదులు, గ్రూపు ఫోటోలు అటక మీద ఎక్కడో ఉంటాయి. ఉర్దూలో ఉన్నా మోడీ లిపిలో ఉన్నా పారేయకండి. ఇల్లు మార్చేటప్పుడు పాత సామానులవాడికి వేసేముందు ఒక్కసారి తీసి చూడండి. చదివిపెట్టేవాళ్లు ముద్గల్‌లో ఇంకా ఉన్నారు.